ఏడింటి కొలత

ఈ ఏడు గుమ్మడి లేదు.
ముందే చెప్పేస్తున్నా,
చివరిదాకా ఆశపడి చదవొద్దు.

జూన్ నెలంతా ఫండీ తీరపు పొగమంచు
మడి మీద తడిగుడ్డలా పరుచుకుంది.
తేనెటీగ ఒక్కటి రాలేదు.
తెల్లారి ఐదింటికి రబ్బరు బూట్లు తొడుక్కుని
మగపువ్వు రేకులు వలిచి
ఆడపువ్వు గుండెలో నేనే రుద్దాను.
పెళ్లి చేసిన చెయ్యి కదా,
పుట్టేది నిలుస్తుందనుకున్నాను.

నిలిచింది.
పిడికిలంత, ఆ తర్వాత తలకాయంత,
ఆ తర్వాత మా ఆర్సెన్ పొట్టంత.
ఎండ ముదిరాక రోజుకి పది కిలోలు పెరిగింది.
ఏం తిని? సముద్రపు నాచు,
చేపల ఎరువు,
నా మోకాళ్ళు.

రాత్రిపూట చలి తగలకుండా
అత్తగారు కుట్టిన బొంత దానికే కప్పేదాన్ని.
మా మంచం మీద పల్చటి దుప్పటి.
ఆర్సెన్ ఒక్క మాటా అనలేదు,
మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకునేవాడు.

రోజూ సాయంత్రం ఏడింటికి టేపు.
నడుము చుట్టూ ఒకసారి,
నేల నుంచి వీపు మీదుగా మళ్ళీ నేలకి ఒకసారి,
తొడిమ నుంచి అడుగుదాకా ఒకసారి.
మూడంకెలూ కూడి పుస్తకంలో ఎక్కించడం.
ఫెర్రీలో టిక్కెట్లు చింపిన ముప్పైయేళ్ళలో
ఇంత శ్రద్ధగా ఏ లెక్కా రాయలేదు.

ఆగస్టు పంతొమ్మిది.
మూడు రోజులు ముసురు పట్టి
ఆ పొద్దునే ఎండ కాసింది.
తొడిమ దగ్గర సన్నటి గీత,
పిల్లి గోరు తగిలినట్టు.
వంగి వాసన చూశాను.
పులిసిన పిండి.
నొక్కితే
నురగ.

పక్కింటి జ్వికర్ కంచె దగ్గరికొచ్చి
చావింటికి వచ్చినట్టు టోపీ తీశాడు.
"నీళ్ళు ఎక్కువైతే ఇంతే," అన్నాడు,
ఎవర్నీ అనకుండా.
ఎవర్నీ అనకపోయినా
భుజం తడుముకున్నది నేనే.

వచ్చే ఏడు ఉందిగా అంది పోస్టు తెచ్చే ఇల్డా.
సూపు చేసుకోవచ్చుగా అంది
జన్మలో మట్టి ముట్టని మా తోడికోడలు.
నాలుగొందల కిలోల కుళ్ళుని
ఏ గిన్నెలో కాయమంటావే తల్లీ!

గొడ్డలి పట్టింది ఆర్సెన్.
నేను కిటికీ మూసి రేడియో పెట్టుకున్నాను.
తోపుడుబండి పదకొండుసార్లు తిరిగింది.
లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను.

కాయ పోవడం కాదు అసలు కష్టం,
రోజూ సాయంత్రం ఏడవడం.
గడియారంలో, నేనంటున్నది.
మేకుకున్న టేపుని చేతులే వెళ్ళి తీస్తాయి,
కొలవడానికేమో ఏమీ లేదు.
మొదటి రోజు పొయ్యి గొట్టం కొలిచాను,
మర్నాడు బంగాళదుంపల బస్తా,
ఆ మర్నాడు నిద్రపోతున్న కుక్క నడుము.
వారం తిరిగేసరికి కుక్క అరంగుళం పెరిగింది.
రాశాను. అదే పుస్తకంలో, ఆ వరసలోనే.

అక్టోబరులో తూకాల సంబరానికి
రానన్నాను, వెళ్ళాను.
జ్వికర్ కాయని పట్టీలతో లేపాలంటే
ఎనిమిది మంది కావాలి, ఏడుగురున్నారు.
ఒక పట్టీ అందుకున్నాను.
కాయ అడుగు ఇంకా గోరువెచ్చగా ఉంది,
ఎవరో అప్పుడే లేచి వెళ్ళిన పక్కలా.
అసూయ పడదామనే వెళ్ళాను నిజానికి.
నడుం పట్టేసి
దానికి తీరిక చిక్కలేదు.

అంకె వెలిగింది.
మూడో స్థానం.
జ్వికర్ టోపీ కిందికి లాక్కున్నాడు,
అయినా కనిపించింది నాకు.
"నీళ్ళు ఎక్కువైతే ఇంతే," అన్నాను
మెల్లిగా.
ముక్కు చీదుకుంటూ నవ్వాడు.

ఇంటికొచ్చేసరికి ఏడు దాటింది.
బొంత మళ్ళీ మా మంచానికొచ్చింది,
రెండుసార్లు ఉతికినా మట్టివాసనతో.
దాని కింద ఆర్సెన్
కాళ్ళు బారచాపుకుని పడుకున్నాడు,
ఎన్నాళ్ళకో.
టేపు తీసి
మడమ దగ్గర ఆనించాను.

"ఎంత?" అన్నాడు, కళ్ళు తెరవకుండా.

కదలకు,
రాసుకోనీ.